స్టెంటు ఆయుష్షు పోయునా?

గత జనవరి మాసంలో ఒక మధ్యాహ్నం తరగతి ముగించుకొని స్టాఫ్ రూముకు వచ్చేసరికి, ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో ఆంజియోగ్రామ్ కాగితాలు, ఒక సి.డి. అతని తండ్రికి సాతంరాయి వద్ద రోడ్డు ప్రక్కన పంక్చర్ల దుకాణం. “సార్, అబ్బాకు స్టెంటు వేయాలన్నారు. రేపటికల్లా పైసలు కట్టమన్నారు. ఇల్లు కుదువ పెడుతున్నం. వేయిస్తే బతుకుతడా సార్?” అని అడిగినాడు.

గుండెజబ్బు గురించి తెలుగు ఉపన్యాసకుని అడగడమేమని పాఠకులకు తోచవచ్చును. మా అబ్బాజాన్ సంగతి కళాశాలలో అందరికీ తెలుసు. అందుచేతనే అతడు మా దగ్గరకు వచ్చినాడు. అతనికి ఆనాడు మేము చెప్పగలిగినది చెప్పినాము. అయితే అది పూర్తిగా చెప్పుటకు స్టాఫ్ రూములోని పది నిమిషాలు చాలవు. వార్షిక సంచికకు ఏదైనా వ్రాయుమని సంపాదక మిత్రులు కోరినపుడు, ప్రబంధ సాహిత్యంపై సిద్ధంగా ఉన్న వ్యాసాన్ని ప్రక్కన పెట్టి ఇది వ్రాయుటకు కూర్చున్నాము.

మా అబ్బాజాన్ ఆర్.టి.సి.లో కండక్టరుగా పనిచేసి విరమించినారు. మా ఇల్లు శంషాబాదులో. 2008 మార్చిలో బేగంపేట నుండి విమానాశ్రయం ఇక్కడికి తరలి వచ్చినది మొదలు మా మిద్దె మీదుగా విమానాలు పోవని గంట లేదు. 2018 రంజాను పండుగ గడిచిన తరువాత అబ్బాజాన్‌కు ఒక కొత్త అలవాటు పట్టుకొన్నది. మసీదుకు నడిచిపోతూ దారిలో ఒక గోడ ప్రక్కన ఆగి, తల ఎత్తి విమానాలను చూచేవారు. ఒక నిమిషం, రెండు నిమిషాలు చూచి, మళ్ళీ నడిచేవారు. వార్ధక్యంలో పసితనం వచ్చినదని ఇంట్లో నవ్వుకొన్నాము. ఒకనాడు విమానమేదీ లేకున్నా ఆకాశం వైపు చూస్తూ నిలబడినప్పుడు గాని మాకు అనుమానం రాలేదు. నడిచినప్పుడు రొమ్ము మీద బండ పెట్టినట్లుండేదట. ఆగితే తగ్గేదట. ఆ మాట మాకు చెప్పుట ఇష్టం లేక విమానాలు చూచినారు.

నగరంలోని ఒక ఆసుపత్రికి తీసుకొని పోయినాము. మణికట్టు దగ్గర సన్నని గొట్టం ఎక్కించి ఆంజియోగ్రామ్ చేసినారు. పరీక్ష నడుమ డాక్టరుగారు బయటకు వచ్చి, ఒక నాళంలో ఎనభై శాతం, మరొక దానిలో డెబ్బై శాతం మూసికొని ఉన్నవని తెర మీద చూపినారు. మూడవ నాళంలో నలభై శాతమే గనుక దానితో భయం లేదన్నారు. “ఇప్పుడే స్టెంట్లు వేస్తే మంచిది. ఇంటికి తీసుకొని పోతే రాత్రికి ఏమవుతుందో నేను చెప్పలేను” అన్నారు. పెద్దాయన లోపల బల్ల మీద ఉన్నారు, గొట్టం చేతిలోనే ఉన్నది. మాకు ఇచ్చిన వ్యవధి పావుగంట. మేము జీతగాళ్ళము గనుక ఆరోగ్యశ్రీ వర్తించదు. జిద్దాలో ఉన్న అన్నగారికి ఫోను చేస్తే, “పైసల సంగతి తర్వాత, ముందు సంతకం పెట్టు” అన్నారు. చెల్లెలి పెండ్లికని ఉంచిన రెండు వందల గజాల స్థలం ఆ నెలలోనే అమ్మినాము.

సంతకం చేస్తున్నప్పుడు మా మనసులో ఉన్న ఆలోచన ఒక్కటే. స్టెంటు వేస్తే బ్రతుకుతారు, వేయకపోతే పోతారు. అట్లని డాక్టరుగారు అనలేదు. ఆయన అన్న మాటను మేము అట్లు విన్నాము. వినే విధంగా ఆయన అన్నారని కూడ చెప్పవలెను.

రెండు స్టెంట్లు వేసినారు. నొప్పి పోయినది, ఇది నిజం. పది రోజులకే అబ్బాజాన్ ఎక్కడా ఆగకుండ మసీదుకు పోయి వచ్చినారు. మా అమ్మ ఆ వస్తువును ‘జాలీ’ అన్నది. వీధిలో కొందరు స్ప్రింగు అంటారు. నిజానికి జాలీ అన్నదే సరియైన మాట. పత్రికలలో గుండె గొట్టం అని వ్రాస్తున్నారు గాని, అది లోహపు సన్నని తీగల అల్లిక. స్టెంటు అన్న పేరు పందొమ్మిదవ శతాబ్దిలో లండన్‌లో దంతాల అచ్చులు తీయుటకు ఒక ముద్దను తయారు చేసిన చార్లెస్ స్టెంట్ అనే దంతవైద్యుని పేరు నుండి వచ్చినది. గుండెకూ దంతాలకూ ఈ బంధుత్వమేమో భాషాశాస్త్రజ్ఞులే చెప్పవలెను.

రెండవ సంవత్సరంలో అబ్బాజాన్ కొలెస్టరాల్ మాత్ర మానినారు. పిమ్మట రక్తపోటు మాత్ర. మానిన బీడీ మళ్ళీ చేతికి వచ్చినది. మేము మందలిస్తే, “బస్సుకు కొత్త టైరు వేయించిన తరువాత ఎవడైనా ప్యాచీ వేయిస్తాడా బేటా?” అన్నారు. మేము నవ్వి ఊరుకొన్నాము. మా అభిప్రాయమూ అదే గనుక ఊరుకొన్నాము. రెండు వందల గజాలు పెట్టి కొన్న ఆయుష్షు మాకు కండ్లకు కనబడుతున్నది. రోజుకు కొద్ది రూపాయల మాత్ర కనబడలేదు.

2021 నవంబరులో ఒక రాత్రి రెండు గంటలకు ఆయనకు చెమటలు పట్టినవి. ఎడమ దవడ లాగుతున్నదన్నారు. స్టెంట్లు ఉన్నవి కదా, గుండె కాదులే అని మేమే ధైర్యం చెప్పినాము. సోడా తెప్పించినాము. తెల్లవారి ఏడు గంటలకు గాని కదలలేదు. ఆసుపత్రిలో మళ్ళీ ఆంజియోగ్రామ్ చేసినారు. పాత స్టెంట్లు రెండూ చక్కగా తెరచుకొనియే ఉన్నవి. నలభై శాతమని, భయం లేదని అన్న మూడవ నాళం పూర్తిగా మూసికొన్నది. దానిని తెరచినారు గాని గుండె కండరం అప్పటికే చాల భాగం చచ్చిపోయినది. మూడవ నాడు అబ్బాజాన్ వెళ్ళిపోయినారు.

ఆ తరువాత చాల నెలలు ఈ విషయంపై దొరికినవన్నీ చదివినాము. మొదట చదివినది జ్ఞానం కొరకు కాదు, ఎవరినైనా నిందించుటకు. అయితే చదువగా చదువగా నింద పలుచబడి, సంగతి చిక్కబడినది.

గుండెకు రక్తం తెచ్చే ధమనులలో కొవ్వు పేరుకొనుటను మనం నల్లా గొట్టంలో కిలుము పట్టినట్లు ఊహించుకొంటాము. ఆ పోలికలోనే తప్పున్నది. కొవ్వు నాళపు గోడ లోపల సెగగడ్డవలె పెరుగుతుంది. కొన్ని గడ్డలు గట్టిపడి దారిని ఇరుకు చేస్తవి. నడిచినప్పుడు కండరానికి చాలినంత రక్తం అందక రొమ్ములో నొప్పి వస్తుంది, ఆగితే పోతుంది. అబ్బాజాన్ విమానాలు చూచిన నొప్పి ఇదే. కొన్ని గడ్డలు మెత్తగా, పలుచని పొరతో, దారిని పెద్దగా ఇరుకు చేయకుండానే ఉంటవి. వాటిలో ఒకటి పగిలితే, పగిలిన చోట నెత్తురు గడ్డకట్టి నిమిషాలలో నాళం మూసికొంటుంది. గుండెపోటు అంటే సాధారణంగా ఇదే. ఎనభై శాతం ఉన్న చోటనే పగలవలెనని నియమం లేదు, నలభై శాతం ఉన్న చోటనూ పగులవచ్చును. స్టెంటు తాను కూర్చున్న రెండు మూడు సెంటీమీటర్ల చోటును తెరచి ఉంచుతుంది. తక్కిన నాళాలన్నింటి గోడలలో ఉన్న రోగానికి దానికి సంబంధం లేదు. కొలెస్టరాల్ మాత్ర, ఆస్పిరిన్, రక్తపోటు అదుపు, పొగ మానుట – ఇవి అన్ని చోట్లా ఒకేసారి పనిచేస్తవి.

ఈ మాట ఊహ కాదు, పరీక్షకు నిలిచినది. 1977 సెప్టెంబరులో జ్యూరిచ్ నగరంలో ఆంద్రియాస్ గ్రుంట్జిగ్ అనే వైద్యుడు మొదటిసారి మెలకువగా ఉన్న రోగి గుండె నాళంలో చిన్న బుడగను ఊది దారి వెడల్పు చేసినాడు. తెరచిన దారి మళ్ళీ పూడకుండ 1986లో ఫ్రాన్సులో ఝాక్ ప్యుయెల్, స్విట్జర్లాండులో ఉల్రిచ్ సిగ్వార్ట్ స్టెంటు వేసినారు. ఆ పిమ్మట లోకమంతట లక్షలాది మందికి వేయుచు వచ్చినారు. అయితే నిలకడ నొప్పి గలవారిలో అది ప్రాణం కాపాడుతున్నదా అన్న ప్రశ్నకు పెద్ద సమాధానం 2007లో గాని రాలేదు. అమెరికా, కెనడాలలో 2,287 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి మందులు, మరొక వర్గానికి మందులతోపాటు స్టెంట్లు ఇచ్చి, సుమారు నాలుగున్నరేండ్లు కనిపెట్టి చూచినారు. కరేజ్ అని ఆ పరిశోధనకు పేరు. మరణాలలో గాని, గుండెపోట్లలో గాని చెప్పుకోదగిన భేదం కనబడలేదు.

అప్పటి స్టెంట్లు పాతవి, రోగులు తేలికపాటివారు అని ఆక్షేపణ వచ్చినది. అందుకు ఇస్కీమియా అనే మరింత పెద్ద పరిశోధన చేసి 2020లో ప్రకటించినారు. 37 దేశాలు, 5,179 మంది. వారిలో మన దేశస్థులూ ఉన్నారు. ఒక వర్గానికి మొదటనే ఆంజియోగ్రామ్ చేసి, అవసరమైనవారికి స్టెంటు గాని బైపాస్ గాని చేసినారు. రెండవ వర్గానికి ముందు మందులు, అవి చాలనప్పుడే ఇతర చికిత్స. సుమారు మూడేండ్లు గడిచేసరికి మొదటి వర్గంలో చనిపోయినవారు 145 మంది, రెండవ వర్గంలో 144 మంది. ఈ రెండు అంకెలను ఆ రాత్రి మేము ఎన్నిమార్లు చదివినామో లెక్కలేదు. ఏడేండ్ల వరకు కనిపెట్టి 2022లో మళ్ళీ ప్రకటించినప్పుడు కూడ మొత్తం మరణాలలో భేదం తేలలేదు.

మరి అబ్బాజాన్ నొప్పి పోయినది కదా? ఈ ప్రశ్న కూడ ఒకరు పట్టుకొన్నారు. లండన్‌లో డాక్టర్ రాషా అల్-లమీ, ఆమె సహచరులు 200 మంది రోగులకు మంచి మందులిచ్చి, ఆ తరువాత అందరినీ చికిత్సా బల్ల మీద పడుకోబెట్టినారు. మత్తు ఇచ్చి, చెవులకు సంగీతం పెట్టి, సగం మందికి స్టెంటు వేసి, తక్కినవారికి వేసినట్లే చేసి లేపినారు. ఎవరికి వేసినదీ రోగికి తెలియదు. ఆరు వారాల తరువాత నడక యంత్రం మీద ఇరువర్గాల వారి శక్తిలోనూ నమ్మదగిన భేదం లేదు. ఇది 2017 నాటి మాట. అదే బృందం 2023లో 301 మందికి నొప్పి మందులు ఆపించి మళ్ళీ పరీక్షించినప్పుడు మాత్రం స్టెంటు వేసినవారికి నొప్పి నిజంగానే తగ్గినది. కనుక నొప్పికి స్టెంటు వైద్యమే. మందులతో తగ్గని నొప్పి గలవానికి అది పెద్ద మేలు. నొప్పి లేకుండ మసీదుకు నడవడం చిన్న సంగతి కాదు. అయితే మేము స్థలం అమ్మినది నొప్పి కొరకు కాదు, ఆయుష్షు కొరకు. ఆ తేడా పావుగంటలో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడుగలేదు.

ఇంతవరకు చదివి స్టెంటు మోసమని ఎవరైనా పుస్తకం మూసివేస్తే మేము మరొక ఇంటికి కీడు చేసినవారమవుతాము. కనుక మా పొరుగింటి సంగతి చెప్పవలెను.

పొరుగింటాయన విమానాశ్రయం వరుసలో టాక్సీ నడుపుతాడు, నలభై నాలుగేండ్లవాడు. 2022 డిసెంబరులో తెల్లవారుజామున నాలుగింటికి ఆయన భార్య మా తలుపు కొట్టింది. “అన్నా, ఆయనకు గ్యాసు పట్టింది, చెమటలు పోస్తున్నయి, మీ ఇంట్ల సోడా ఉన్నదా?” అని అడిగింది. సోడా అన్న మాట వినగానే మా కాళ్ళు చల్లబడినవి. సోడా లేదు, 108 ఉన్నది అన్నాము. వారి ఎదుటనే ఫోను చేసినాము. అంబులెన్సు వారు ఇ.సి.జి. తీసి, ఆస్పిరిన్ నమిలించినారు. ఆరాంఘర్ దగ్గర పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే ఎక్కి, పదకొండు కిలోమీటర్ల పైచిలుకు ఆ వంతెన మీద ఆ వేళ ఏ అడ్డూ లేక, మెహదీపట్నంలో దిగినాము. విమానం అందుకొనేవారి కొరకు 2009లో తెరచిన ఆ వంతెన ఆనాడు ఎదురు దిశలో పనికివచ్చినది. నొప్పి మొదలైన రెండు గంటల లోపల మూసికొన్న నాళం తెరచి స్టెంటు వేసినారు. అయిదవ నాడు ఇంటికి వచ్చినాడు.

అదే జాలీ. అబ్బాజాన్‌కు 2018లో వేసినదానికీ దీనికీ రూపంలో భేదం లేదు. చేసిన పని వేరు. గుండెపోటు వచ్చినప్పుడు నాళం పూర్తిగా మూసికొని కండరం నిమిష నిమిషానికి చచ్చిపోతున్నది. ఆ సమయంలో దారి తెరచుటే ప్రాణదానం. 1988లో ప్రకటించిన ఒక గొప్ప పరిశోధనలో, గుండెపోటు అనుమానం గల పదిహేడు వేల మందికి పైగా పాల్గొన్నారు. నెత్తురు గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్, ఆస్పిరిన్ రెండూ ఇచ్చినప్పుడు అయిదు వారాలలో గుండె, రక్తనాళాల కారణంగా చనిపోయినవారు నూటికి 13 నుండి 8కి తగ్గినారు. మందుతో కరిగించుటకు బదులు వెంటనే బుడగతో తెరచినప్పుడు మరణాలు నూటికి 9 నుండి 7కు తగ్గినవని 23 పరిశోధనలను కలిపి 2003లో లెక్క తేల్చినారు. బుడగ చికిత్స దూరమైతే ముందు కరిగించే సూది అయినా పడవలెను. ఇక్కడ పావుగంట ఆలోచించుట కూడ ఎక్కువే. కూర్చొని ఉన్నప్పుడే వచ్చే నొప్పి, రోజు రోజుకు పెరిగే నొప్పి కూడ ఈ కోవలోనివే. ఎడమ ప్రధాన నాళంలోనే ఇరుకు ఉన్నవారు, గుండె బలం బాగా తగ్గినవారు ఇస్కీమియా పరిశోధనలో లేరు. వారి లెక్క వేరు. అటువంటి కొందరికి బైపాస్ ఆయుష్షును కూడ పెంచుతుంది.

మన నగరానికి ఈ వస్తువుతో ఒక పాత అనుబంధమున్నది. క్షిపణి శాస్త్రవేత్త ఎ.పి.జె. అబ్దుల్ కలాం, హైదరాబాదు హృద్రోగ నిపుణులు డాక్టర్ బి. సోమరాజు కలిసి 1990 దశాబ్దంలో తక్కువ ధరకు దొరికే స్టెంటును రూపొందించినారు. దానికి కలాం–రాజు స్టెంటు అనే పేరు వచ్చినది. విదేశపు స్టెంటు బీదవానికి అందని రోజులలో చేసిన పని అది. ఆ తరువాత కూడ మందు పూసిన స్టెంట్లు లక్ష రూపాయలు దాటి అమ్ముడుపోయినవి. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం వాటికి 29,600 రూపాయలు, మామూలు స్టెంటుకు 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించినది. మా బిల్లులో స్టెంట్ల ధర ఆ హద్దులోనే ఉన్నది. తక్కిన పద్దులు ఎట్లు పెరిగినవో లెక్కలు చూచే మిత్రునికి చూపినా బోధపడలేదు.

పంక్చర్ల దుకాణం సంగతికి వస్తాము. ఆనాడు ఆ విద్యార్థిని మేము అడిగినవి కొన్ని ప్రశ్నలే. నొప్పి కూర్చున్నప్పుడు వస్తుందా, నడిచినప్పుడా? ఎంతకాలంగా ఉన్నది, పెరుగుతున్నదా? గుండె బలం ఎంతని వ్రాసినారు? ఎడమ ప్రధాన నాళం సంగతేమి? గాలి పంపు కొట్టినప్పుడు నొప్పి వస్తుందట, ఆపితే పోతుందట, ఎనిమిది నెలలుగా అట్లే ఉన్నదట. గుండె బలం బాగున్నదని కాగితంలో ఉన్నది. ఎడమ ప్రధాన నాళం శుభ్రం. ఇంతవరకు మంచి మందులేవీ వాడలేదు. మేము డాక్టర్లము కాము, ఇది నిర్ణయించవలసినది మేము కాదు, అయితే ఇది రేపటికల్లా ఇల్లు కుదువ పెట్టవలసిన నొప్పివలె లేదు, మరొక డాక్టరుకు చూపుటకు మీకు వ్యవధి ఉన్నది అన్నాము. వారికి ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నది. ఆ ఆసుపత్రి మాత్రం ఆ పథకంలో లేదు. 2007లో ఆరంభమైన ఆ పథకం క్రింద గుండె చికిత్స చేసే ఆసుపత్రులు నగరంలోనే ఎన్నో ఉన్నవి. కూర్చున్నప్పుడు నొప్పి వస్తే మాత్రం ఎవరినీ అడుగవద్దు, నేరుగా 108 అని కాగితం మీద వ్రాసి ఇచ్చినాము.

అతడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని, “మీ అబ్బాకు కూడ ఇట్లనే చెప్పిండ్రా సార్?” అన్నాడు. లేదన్నాము.

తండ్రిని మరునాడు ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొని పోయినారు. అక్కడి డాక్టరుగారు నాలుగు మాత్రలు వ్రాసి, మూడు నెలలకు రమ్మన్నారు. నొప్పి తగ్గకపోతే స్టెంటు సంగతి అప్పుడు చూద్దామన్నారు. గత మాసం కళాశాలకు వస్తూ ఆ దుకాణం ముందు ఆగినాము. గాలి పంపు ఇప్పుడు కుర్రవాని చేతిలో ఉన్నది. పెద్దాయన స్టూలు మీద కూర్చొని ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తున్నారు. నొప్పి సగం తగ్గినదట, పూర్తిగా పోలేదట. స్టెంటు వేయించుకోవలెనా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నారట. మాత్రలు వేసుకొంటున్నారా అని అడిగితే, గోడకు తగిలించిన పాత టైరు లోపల నుండి డబ్బా తీసి చూపినారు.